రాలిన కలుపు గింజను గూర్చి: వ్యవసాయ సంచాలకులకు బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రముల వ్యవసాయ సంచాలకులకు వ్రాయు లేఖ.

మహాశయులారా,

తొలకరి జల్లులు పడి, కాలువలకు నీరు వదలి, డెల్టాలో సార్వా నాట్లును తెలంగాణమున వానాకాలపు నాట్లును మొదలగు వేళకు ప్రతి పల్లెలోని మందుల దుకాణములందును కలుపుమందుల డబ్బాలు బారులు దీరును. ఆ వెనువెంటనే మీ శాఖల పక్షమున కరపత్రములు వెలువడి, ఏ పైరునకు ఏ మందును, ఎకరమునకు ఎంత మోతాదున, నాటిన ఎన్నవ దినమున వాడవలెనో తెలుపుచుండును. ఆ సలహాలు ఉపయోగకరములనియు, వానిని సిద్ధముచేసిన శాస్త్రజ్ఞుల శ్రమ గౌరవింపదగినదనియు మనఃపూర్వకముగ నమ్మువారిలో నేనొకడను. కలుపు తీయుటకు మనుషులు దొరకక, దొరికినను కూలి గిట్టక, మందు లేనిదే సేద్యము సాగదను స్థితికి వచ్చిన రైతును మందు మానుమని చెప్పుటకు నాకు నోరు రాదు. నేను విన్నవింపబూనినది వేరొక విషయము. నేను చూచినంతవరకు ఈ పత్రములన్నియు కలుపు మొక్కను గూర్చి చెప్పును. కలుపు గింజను గూర్చి వానిలో ఒక్క వాక్యమైనను కానరాదు. మందు పనిచేసినదా లేదా యను తీర్పు సాధారణముగ ముప్పదవ దినమునను అరువదవ దినమునను చదరపు మీటరున నిలిచిన మొక్కలను లెక్కించి, వాని ఎండుబరువును తూచి చెప్పబడుచున్నది. ఆ తీర్పు వెలువడిన తరువాత బ్రతికిపోయిన నాలుగు మొక్కలు వెన్ను తీసి, గింజ కట్టి, కోతకు ముందే నేలపై రాల్చినదెంతయో లెక్కించువారు లేరు. రాబోవు సంవత్సరముల కలుపు భారమంతయు ఆ లెక్కలోనే యున్నదని నా దృఢవిశ్వాసము. ఈ లేఖ అందులకే.

ఏకవార్షికములైన కలుపు మొక్కల బలము గింజలో నున్నది. తుంగ, గరిక మొదలగునవి దుంపలచేతను పాకుడు కాండములచేతను వ్యాపించునవి గనుక వాని సంగతి వేరు. వానిని ఈ లేఖలోనికి తీసికొనిరాను. 1955 ప్రాంతమున పుణేలో మన దేశమున మొదట గుర్తింపబడి, నేడు మన బాటప్రక్కలను, బీళ్లను, మెట్టచేలను ఆక్రమించిన వయ్యారిభామ ఒక్క మొక్కకు 15,000 మొదలు 25,000 వరకు గింజలు వేయునని శాస్త్రజ్ఞులు లెక్కించిరి. అడవి తోటకూర జాతులలో బాగుగ పెరిగిన ఒక్క మొక్క లక్ష గింజలను దాటించుట వింత గాదు. వరిలోని ఊద వేలకొలది గింజలు వేయుటయే కాక, వరి కోతకు వచ్చుటకు ముందే వానిలో అధికభాగమును రాల్చివేయును. కొడవలి వచ్చినను, కోతయంత్రము వచ్చినను, అప్పటికే జరుగవలసిన కీడు జరిగిపోయియుండును. లేతదశలో ఈ గడ్డి వరితో ఏకరూపముగ నుండి కలుపుతీయు స్త్రీల అనుభవముగల కన్నులను సైతము మోసగించును. ఆకు మొదట వరికుండు సన్నని నాలుక పొర ఊదకుండదు. ఆ భేదమును వంగి చూచువారికి గాని తెలియదు. వెన్ను తీసిన పిమ్మట అది వరికంటె ఎత్తుగ నిలిచి అందరికిని కనబడును, గాని అప్పటికి కలుపు తీయు కాలము గడచినదని రైతు భావించును.

రాలిన గింజ ఎంతకాలము బ్రతుకునో తెలిసికొనుటకు 1879లో అమెరికాలోని మిచిగన్ వ్యవసాయ కళాశాలయందు విలియం జేమ్స్ బీల్ అను వృక్షశాస్త్రాచార్యుడు ఒక పరీక్ష ప్రారంభించెను. ఇరువది సీసాలలో తడి యిసుకతో కలిపి, ఒక్కొక్క జాతికి 50 చొప్పున అనేక జాతుల కలుపు గింజలను నింపి, కళాశాల ఆవరణములో పాతిపెట్టి, కొన్ని సంవత్సరములకొకసారి ఒక్కొక్క సీసాను త్రవ్వితీసి మొలిపించి చూచుట ఆయన సంకల్పము. మొదట అయిదేండ్లకొకసారి తీసినదానిని ఆయన అనంతరము వచ్చినవారు పదియేండ్లకును, పిదప ఇరువది యేండ్లకును పొడిగించిరి. ఆచార్యుడు గతించెను, ఆయన శిష్యులును గతించిరి, పరీక్ష నేటికిని సాగుచున్నది. 2021లో త్రవ్విన సీసాలోని వర్బాస్కమ్ అను కలుపు గింజలు, శతాబ్దముపైన నలుబది సంవత్సరములు భూమిలో నుండియు, మొలకెత్తెను. అన్ని జాతులును ఇంత దీర్ఘాయువు గలవి కావు. ఆ సీసాలలోనివే పెక్కు జాతులు చాలకాలము క్రిందటనే నశించినవి. ఐనను మన పొలములను పీడించు కలుపులలో అనేకములు ఏండ్ల తరబడి నేలలో సజీవముగ నుండగలవనుట సర్వాంగీకృతమైన విషయము.

అట్లున్నవి అన్నియు ఒక్కమారుగ మొలవవు. గింజ మొలకెత్తుటకు నీరొక్కటే చాలదు. 1952లో మేరీలాండులోని బెల్ట్స్‌విల్ పరిశోధకులు లెట్యూస్ అను ఆకుకూర గింజలపై ఎర్రని వెలుగును ప్రసరింపజేసి మొలిపించియు, సుదూర రక్తకాంతిచేత ఆ మొలకను మరల నిరోధించియు, గింజ వెలుతురును గుర్తించునని నిరూపించిరి. సన్నని గింజలుగల కలుపులలో పెక్కింటికి ఈ గుణము కలదు. లోతుగ పూడిన గింజ చీకటిలో సుప్తావస్థయందుండి, దుక్కిలోనో దమ్ములోనో మట్టి తిరుగబడినపుడు క్షణకాలము సోకిన సూర్యరశ్మిచేత మేల్కొనును. పగటి వేడికిని రాత్రి చలికిని గల అంతరము, నేలలోని నత్రేతముల పాలు కూడ దానిని ప్రేరేపించును. ఈ ప్రేరణలు అన్ని గింజలకును ఒకేసారి అందవు. అందినను అన్నియు ఒకే విధముగ స్పందింపవు. ఒక యేట మొలచునది నేలలోని గింజల నిధిలో కొద్దిభాగమే. మిగిలినది మరొక యేటికై నిరీక్షించుచుండును.

ఇక మన మందులు ఈ గింజను ఏమి చేయుచున్నవో విచారింతము. నాటిన మూడు మొదలు అయిదు దినములలోపల పొడి ఇసుకలో కలిపి పలుచని నీటిపై చల్లు బ్యూటాక్లోర్, ప్రెటిలాక్లోర్ మందులును, మెట్టపైరులలో విత్తిన 48 గంటలలోపల తడినేలపై పిచికారి చేయు పెండిమిథాలినును, కలుపు మొలవకముందు వాడబడునవి గావున, అవి నేలలోని గింజనే చంపునని పెక్కుమంది రైతులు నమ్ముచున్నారు. వాస్తవమునకు సుప్తావస్థలోనున్న గింజను ఆ మందు తాకజాలదు. గింజ నీరు పీల్చి, పొట్టు చీల్చి, మొలక బయలుదేరి, మందు పరచుకొనియున్న పైపొర గుండ వెలికివచ్చు ఆ స్వల్పకాలములో లేతవేరో లేతమొవ్వో మందును గ్రహించినపుడే దాని ప్రభావము. పెండిమిథాలిన్ కణవిభజనమునకు ఆవశ్యకములైన సూక్ష్మనాళికల నిర్మాణమును నిరోధించును గనుక వేరుకొన ఉబ్బి, పొడవు సాగక నిలిచిపోవును. బ్యూటాక్లోర్ వర్గము దీర్ఘశృంఖల కొవ్వు ఆమ్లముల సంశ్లేషణమును అడ్డగించును గనుక మొవ్వు విచ్చుకొనలేక మెలితిరిగి నశించును. రెంటను నశించినది మొలకయే. దాని ప్రక్కన, అదే మట్టిపెడ్డలో, మేల్కొనక యున్న గింజ చెక్కుచెదరక యుండును. కొన్ని వారములలో నేలలోని సూక్ష్మజీవులు మందును విచ్ఛిన్నముచేయగా, ఆపై మొలచినదానికి అడ్డు లేదు. పొలములో మరల పచ్చన కనబడిన రైతు కల్తీమందు అంటగట్టితివని దుకాణదారుతో తగవు పెట్టుకొనును. కల్తీమందులు లేవని నేననను. కాని పెక్కుతావుల ఆ రెండవ తడవ మొలకలు, మందు చేరజాలని గింజలనుండి, మందు క్షీణించిన పిదప వచ్చినవే. ఈ సంగతిని ఆ రైతునకు ముందుగ చెప్పవలసిన బాధ్యత మనది.

మొలచిన తరువాత వాడు మందుల కథ మరొకటి. కలుపు రెండు మొదలు నాలుగు ఆకుల దశలోనున్నపుడు ఎకరమునకు 100 మి.లీ. చొప్పున పిచికారి చేయు బిస్‌పైరిబాక్ సోడియము ఊదను చక్కగ అణచును. కాలువ నీరు ఆలస్యమైనను, ముసురు పట్టినను, స్ప్రేయరు అద్దెకు దొరకకున్నను పది దినములు జాగగును; ఆ పది దినములలో ఊద పిలకలు వేయును. ముదిరిన ఊదపై పడిన మందు దానిని పసుపుబార్చి, కురుచ చేసి, చచ్చినదను భ్రాంతి కలిగించును. కొన్ని వారములకు అది అడుగు కణుపులనుండి తిరిగి చిగిర్చి, వరి చాటున పొట్టిగనే వెన్ను తీయును. నూటికి తొంబదియైదు పాళ్లు కలుపు నశించినదను ఫలితము కాగితముపై ఘనవిజయము. పొలములో మిగిలిన అయిదు పాళ్ల మొక్కలకు తోటికలుపు పోటీ తొలగి, ఎరువును చోటును సమృద్ధిగ లభించుటచే, ఒక్కొక్కటి మునుపటికంటె హెచ్చుగ గింజ కట్టును. వడ్డీ మాత్రము చెల్లించి అసలును అట్లే నిలిపిన ఋణమువలె ప్రతి యేటను మందు వెచ్చము చెల్లుచునే యున్నది, నేలలోని నిధి తరుగుట లేదు.

పూతదశలో మందు పడినచో గింజకేమగునను ప్రశ్నకు సమాధానము దశనుబట్టి మారును. ఈ భాగమున ఇతర దేశముల అనుభవము మనకు విలువైనది. దక్షిణ, పశ్చిమ ఆస్ట్రేలియాలయందలి రైతులు రైగడ్డి అను కలుపు గింజ పాలుపోసుకొను దశలో పారాక్వాట్‌నో గ్లైఫోసేట్‌నో తక్కువ మోతాదున పిచికారి చేసి, మొక్క చచ్చినను చావకున్నను, మొలకెత్తగల గింజ సంఖ్యను మిక్కిలి తగ్గించుచున్నారు. అమెరికాలోని మోంటానా రాష్ట్రమున మైల్స్ సిటీ పచ్చికబయళ్ల పరిశోధకులు అమినోపైరాలిడ్ అను హార్మోను వర్గపు మందును బ్రోమ్ గడ్డిపై తగిన పెరుగుదల దశలో వాడి, ఆ గడ్డి పచ్చగనే నిలిచియుండగ దానిని దాదాపు గొడ్డుబోవునట్లు చేయవచ్చునని చూపిరి. ఇందు గమనింపవలసినది కాలము. అదే మందు గింజ గట్టిపడిన తరువాత పడెనా, మొక్క మాత్రము ఎండును. గింజ మొలకశక్తి ఇంచుమించుగ తగ్గదు. నిలిచియున్న వరిలో ఆస్ట్రేలియా పద్ధతిని అనుకరింపుమని నేను చెప్పుట లేదు. అది వరి గింజకే చేటు. మన గట్లకును, బీళ్లకును, కాలువ కట్టలకును ఆ కాలజ్ఞానము అత్యవసరము. వయ్యారిభామ తెల్లని పూలతో నిండి కన్నులకు కొట్టవచ్చినట్లు కనబడు వరకు దానిని ఎవరును పట్టించుకొనరు. అప్పటికి తొలిపూతలు గింజలై రాలుచుండును. ఆ దశలో గ్లైఫోసేట్ చల్లినచో, ఆకుపచ్చని భాగములద్వారా ప్రవేశించి పనిచేయు ఆ మందు మొక్కను ఎండించును, గాని మట్టిని తాకినంతనే మట్టికణములకు అంటుకొని నిష్క్రియమగుటచే రాలిన గింజను ఏమియు చేయదు. 2022 అక్టోబరులో కేంద్రప్రభుత్వము ఈ మందును చీడనివారణ నిర్వాహకులద్వారా తప్ప వాడరాదని కట్టడి చేసినది. ఆ కట్టడి ఆరోగ్యకారణములచే వచ్చినదైనను, గింజ కట్టిన మొక్కపై వృథాగ చల్లుట మానినను కొంత మేలే.

గింజను విస్మరించుటవలన కలుగు నష్టమునకు మన డెల్టాలోనే ప్రత్యక్షోదాహరణము కలదు. కృష్ణా, గుంటూరు మాగాణులలో వరి కోతకు రెండు మూడు దినములు ముందుగ, తడి యారని నేలపై, నిలిచియున్న వరి నడుమనే మినుములు వెదజల్లి, మిగిలిన తేమతో మంచుతో మాత్రమే పండించు పద్ధతి తరతరములనుండి వచ్చుచున్నది. నీరు పెట్టక, దున్నక, ఎరువు వేయక రెండవ పంట చేతికివచ్చు అపురూపమైన సేద్యమది. ఆ మినుమునకు బంగారుతీగ పట్టుకొన్నది. ఆకు లేదు, పచ్చదనము లేదు. పసుపుపచ్చని దారములుగ ప్రాకి, మొక్క కాండమునకు చుట్టుకొని, దాని రసమును పీల్చి, మడి మడియంతయు పరచుకొని, కాయ పట్టనీయదు. దాని గింజ పొట్టు మిక్కిలి కఠినము. నీరు లోనికి చొరనీయక పదియేండ్లకు పైబడి నేలలో నిలువగలదు. వరినిగాని జొన్ననుగాని మొక్కజొన్ననుగాని అది ఆశ్రయింపజాలదు గనుక సార్వా అంతయు దానికి నిరాహారకాలము. ఐనను కఠినబీజమగుటచే సార్వా నీటిలో మునిగియు చావక, మినుము మొలచువేళకు తానును మొలచును.

వ్యవసాయ విశ్వవిద్యాలయమువారు దీనికి చెప్పిన మార్గము యుక్తమైనదే: వరి కోసి పనలు ఎత్తిన వెంటనే పెండిమిథాలిన్‌ను ఇసుకలో కలిపి సమముగ చల్లుట. పైపొరలో మొలచు లేతతీగ మినుమును అందుకొనకముందే దానిచేత కుంటుపడును. పనలు పొలములో నాలుగు దినములు హెచ్చుగ నిలిచినచో కొంత గింజ అప్పటికే మొలచి తప్పించుకొనును. మందు క్షీణించిన పిదప మొలచునది మరికొంత. ఒకసారి తీగ మినుమునకు చుట్టుకొన్నచో మినుమునకు హాని లేక దానిని పూర్తిగ తొలగించు మందు లేదు. అప్పుడు మిగిలిన ఉపాయమొక్కటే. పూత రాకముందే మినుము మొక్కతో సహా పెరికి తగులబెట్టుట. పల్లాకుతెగులునకు ఈ తీగ పీడయు తోడు కాగా, విసిగిన రైతులు అనేకులు మినుము విడిచి, దుక్కి లేకయే జొన్ననో మొక్కజొన్ననో వేయుచు వచ్చిరి. తీగకు ఆశ్రయము లేదు గనుక పొలము శుభ్రపడినట్లే కనబడినది. మరల మినుము వేసిన యేట తీగయు మరల మొలచినది. మొక్క కనబడకుండుటకును గింజ లేకుండుటకును గల భేదము ఇంతకంటె స్పష్టముగ తెలుపునది మరొకటి లేదు. పొగాకు రైతులు బోడుమల్లె విషయమున దీనిని ఎరుగుదురు. ఒక్కొక్క మొక్కకు లక్షకు పైగా సన్నని గింజలు వేయు ఆ పరాన్నజీవి, పొగాకు వేళ్లనుండి స్రవించు ద్రవ్యము సోకినపుడు గాని మేల్కొనదు, అంతవరకు ఏండ్ల కొలది వేచియుండును.

గింజలను గూర్చి ఇంకొక గంభీరమైన సంగతి కలదు. ఒకే మందును ఏటేట వాడినచో, ఆ మందుచేత చావక బ్రతికిన మొక్కయే ఆ యేటి విత్తనకర్త యగును. నేలలోని నిధి క్రమముగ ఆ సంతతితో నిండును. 1957లోనే హవాయి చెరకుతోటలలోని వెన్నదేవికూర జాతియు, కెనడాలోని అడవి క్యారెట్టును 2,4-డి మందునకు లొంగుట మానినవి. మన దేశమున హర్యానా, పంజాబు గోధుమచేలలో ఐసోప్రోట్యురాన్‌ను ఏటేట వాడిన ఫలితముగ 1990 దశాబ్ది ఆదిని ఫలారిస్ మైనర్ అను గడ్డి దానిని లెక్కచేయక పెరిగి, కొన్ని పొలములలో గోధుమను పచ్చిగనే కోసి పశువులకు వేయవలసిన దుర్గతి కలిగెను. అమెరికాలోని జార్జియా ప్రత్తిచేలలో గ్లైఫోసేట్‌కు చావని తోటకూర జాతి 2005 ప్రాంతమున బయల్పడి, ఒక్క మొక్కకు లక్షలకొలది గింజలు వేయునదగుటచే, దశాబ్ది తిరుగకముందే దక్షిణ రాష్ట్రముల ప్రత్తి సేద్యమును తారుమారు చేసెను. మన ప్రత్తిచేలలో అనుమతి లేని గ్లైఫోసేట్ సహన విత్తనమును దొంగచాటుగ అమ్ముచున్నవారిని పట్టుకొనుటకు మీ శాఖలు చేయుచున్న దాడులు న్యాయమైనవి. ఆ విత్తనము కొన్న రైతునకు జార్జియా కథను తెలుపుట అంతకంటె అవసరము.

మందుచేత మార్పు చెందునది మొక్క యొక్క సహనశక్తి మాత్రమే కాదు. మొలకెత్తు కాలము సైతము మారును. పశ్చిమ ఆస్ట్రేలియా పరిశోధకులు నిరంతరముగ సేద్యము సాగిన పొలములలోని కలుపు గింజలను, సేద్యము తక్కువగ జరిగిన తావుల గింజలతో పోల్చి చూచి, మొదటివానిలో సుప్తావస్థ అధికమైనదని కనుగొనిరి. విత్తుటకు ముందు చల్లిన మందు తొందరపడి మొలచినవానిని ఏటేట హరింపగా, జాగుచేసి మొలచునవియే సంతానమును నిలుపుకొన్నవి. నాకు తెలిసిన సంగతులలో ఇంతగ కలవరపెట్టినది వేరొకటి లేదు. ఏలయన మన ప్రాంతమున పొడి దుక్కిలో వరి వెదజల్లు పద్ధతి వ్యాపించుచు, దమ్ముయొక్క రక్షణమును, నిలువనీటి రక్షణమును విడిచి, మందుమీదనే పూర్తిగ ఆధారపడుచున్నాము. 2021లో ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థ ఇమాజెథాపైర్ మందును తట్టుకొను పూసా బాస్మతి 1979, 1985 రకములను వెలువరించినది. అట్టి గుణముగల వరి రకములను 2002నుండి సాగుచేసిన అమెరికా దక్షిణ రాష్ట్రములలో, పైరునుండి అడవివరికి పుప్పొడిద్వారా ఆ గుణము సంక్రమించి, మందుకు చావని అడవివరి గింజలు పొలములలో నిండిన అనుభవము కలదు. ఆ గుణము రేపు మన సన్నబియ్యపు రకములకును రావచ్చును. వచ్చుటకు ముందే మన పొలములలోని అడవివరి గింజ లెక్క మనకు తెలిసియుండవలెను.

మహాశయులారా, నేను కోరునది గొప్ప వ్యయముతో గూడినది కాదు. జబల్‌పూర్‌లోని కలుపు పరిశోధన సంచాలనాలయపు అఖిల భారత సమన్వయ పథకమునకు హైదరాబాదులో కేంద్రము కలదు. 1925నుండి వరిపై పరిశోధన సాగించుచున్న మారుటేరు కేంద్రము కలదు. లాంలోను రాజేంద్రనగరులోను రెండు వ్యవసాయ విశ్వవిద్యాలయములు కలవు. ఈ సంస్థలు మందులపై జరుపు పరీక్షలలో, కోతనాడు చదరపు మీటరునకు రాలిన కలుపు గింజ యెంతయో లెక్కించి, అదే మడిని మూడు నాలుగేండ్లు వరుసగ గమనించి, నేలలోని గింజ పెరిగినదా తరిగినదా యని ప్రకటింపవలెను. దీనికి పెద్ద ప్రయోగశాలలు అక్కరలేదు. మడిలో పది చోట్ల పైమట్టి తీసి, పళ్లెములలో పలుచగ పరచి, తడిపి, మొలచినవానిని లెక్కించి పెరికివేసి, మట్టిని కలియదిప్పి మరల తడుపుట, అంతియే. ప్రతి సంవత్సరము గ్రామములలో నెలల తరబడి నివసించి రైతులతో పనిచేయు వ్యవసాయ పట్టభద్ర విద్యార్థులు తమ గ్రామమున పది పొలములకు ఈ పరీక్ష చేసినచో, ఏ మండలమున ఏ కలుపు గింజ యెంత పేరుకొన్నదో తెలుపు చిత్రము కొలదికాలములోనే సిద్ధమగును.

విత్తనమును గూర్చియు ఒక మాట. ధ్రువీకృత వరి విత్తనములో కిలోకు 20 వరకు కలుపు గింజలుండవచ్చునని కేంద్ర ప్రమాణము. నాట్లకు ఎకరమునకు 20 కిలోల విత్తనము పోయు రైతు, నిబంధన ప్రకారమే, 400 గింజలను తన చేతులతో నారుమడిలో చల్లుకొనవచ్చును. విత్తనోత్పత్తి క్షేత్రములలో కేళీలు ఏరివేయునంత శ్రద్ధతో ఊదను ఏరివేయించుట అధికారులకు దుష్కరము కాదు. మండలమునుండి మండలమునకు, రాష్ట్రమునుండి రాష్ట్రమునకు తిరుగు కోతయంత్రములు తమ జల్లెడలలోను పట్టాలలోను గింజను మోసికొనివచ్చుచున్నవి. ఊరు దాటుటకు ముందు యంత్రమును దులిపి శుభ్రపరచవలెనను నియమము కాగితముపైకైనను రావలెను. సగము కుళ్లిన పశువులపేడను పొలమునకు తోలుటచే వచ్చు గింజయు తక్కువది కాదు. బాగుగ మాగి వేడెక్కిన ఎరువులో దానిలో పెక్కు భాగము చచ్చును.

మందు డబ్బాలపై ఎరుపు, పసుపు, నీలము, ఆకుపచ్చ త్రికోణములు విషతీవ్రతను తెలుపుచున్నవి. ఆ మందు మొక్కలో ఏ క్రియను అడ్డుకొను వర్గమునకు చెందినదో, ఆస్ట్రేలియాలోవలె, పెద్ద అక్షరములలో డబ్బామీద కనబడినచో, పేరు మారినను వర్గము మారని రెండు మందులను ఒకదాని తరువాత నొకటి కొని, మందు మార్చితినని రైతు మోసపోడు. కేంద్రమునకు ఈ విషయమున వ్రాయవలసినవారు మీరే.

ఇవి నెరవేరుటకు కాలము పట్టును. ఈ లోపల మీ చేతిలోనే యున్నదొకటి కలదు: రైతునకు రెండు పనులు తెలుపుట. నాట్లకు ముందు నీరు పెట్టి, మొలచిన కలుపును దమ్ములో కలిపి, వారము పదిదినములు ఆగి మరల దమ్ముచేసినచో పైపొర గింజలో మంచిభాగము ఖర్చగును. మందు వాడిన పిదప మిగిలిన ఊదను పొట్టదశలోనే, గింజ పాలుపోసుకొనకముందే, కోసి గట్టుకు చేర్చినచో నేలకు కొత్త గింజ చేరదు. ఈ రెండవ పనికి ఎకరమునకు పట్టు మనుషులు చాల కొద్దిమంది. మందు అప్పటికే అధికభాగమును హరించియుండును గనుక. కలుపు తీయుట ముగిసినదని రైతు చేతులు కడుగుకొను ఆ వేళకే ఈ పని మొదలగునని అతనికి చెప్పినవారు నేటివరకు అరుదు.

కావున, రాబోవు సార్వాకును వానాకాలమునకును మీరు ముద్రించు కరపత్రములలో, మందుల పట్టికకు క్రింద, అంతే పెద్ద అక్షరములతో, వెన్ను తీయుచున్న కలుపు మొక్కను గింజ గట్టిపడకముందే పొలమునుండి తొలగించుడని ఒక వాక్యమును చేర్పించి, దానిని ప్రతి రైతు వేదికలోను, ప్రతి రైతు సేవా కేంద్రములోను చదివి వినిపింప నాజ్ఞాపింపుడని మిమ్ము సవినయముగ ప్రార్థించుచున్నాను.

ఇట్లు,
భవదీయుడు,
కృష్ణా డెల్టాకు చెందిన ఒక సేద్యగాడు